దత్తుని పండుగ

జన్మభూమిని వీడి అన్యదేశమున పౌరసత్వము స్వీకరించినవానికి ఆ దేశపు స్వాతంత్ర్యదినము తన పండుగ యగునా? అమెరికాలో వర్జీనియాయందు, జెఫర్సను గృహమగు మాంటిచెల్లోలో, 1963 నుండి జూలై 4వ తేదీన పరదేశీయులచే పౌరసత్వప్రమాణము చేయించుచున్నారు. అట్లు పౌరులైన తెలుగువారిని జూచి "అరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దలు కొందఱు పరిహసించుట మేము వినియున్నాము. తాతలు పోరాడని స్వాతంత్ర్యము మనుమని కెట్లు పండుగయగునని వారి వాదము.

మొదట మన సంగతి చూతము. మా పూడూరు నిజాము రాజ్యములోనిది. 1947 ఆగస్టు 15న వచ్చిన స్వాతంత్ర్యము మా యూరికి రాలేదు. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను; 1950 జనవరి 26న రాజ్యాంగము అమలునకు రాగా మా పెద్దలు గడప దాటకయే భారతపౌరులైరి. అయినను ఆగస్టు 15న బడిలో జెండా యెగురునపుడు ఏ బాలుడును దానిని అరువు పండుగ యనుకొనడు.

దత్తుడు జనకుని గోత్రమును, రిక్థమును విడుచునని మనువు శాసనము. అమెరికా ప్రమాణమును పూర్వరాజ్యమునందలి విధేయతను విసర్జింపుమనుచున్నది. మన 1955 నాటి చట్టమును అట్టివానిని భారతపౌరునిగా నుంచదు. సరే, విధేయత పోయినది. కన్నతల్లిని అమ్మా యని పిలువరాదని మాత్రము ఏ స్మృతియు చెప్పలేదు.

చిక్కు వేఱొకచోట నున్నది. రిక్థము గైకొన్నవాడే ఋణమును తీర్పవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. అమెరికా యింటికిని అప్పులు కలవు. దాస్యమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడెరిక్ డగ్లసు 1852లోనే, ఈ జూలై 4 బానిసకేమి పండుగయని నిండుసభలో నిలదీసెను. ఆ దేశపు సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అను పంజాబీని 1923లో అక్కడి సుప్రీముకోర్టు, తెల్లవాడు కాడు గనుక పౌరసత్వమున కనర్హుడనెను. 1946లో భారతీయులకు అర్హత కలిగెను గాని, ఏటికి నూఱుమందికే ప్రవేశము! ద్వారము విశాలముగా తెఱచుకొన్నది 1965లో. నల్లవారు వీధులలో లాఠీదెబ్బలు తిని పౌరహక్కుల చట్టమును సాధించుకొన్న మఱుసటి యేడు. మన వైద్యులును, ఇంజనీర్లును నడచిపోయిన త్రోవ చాలవఱకు వారు వేసినదే. అది యెఱుగక బాణసంచా మాత్రము కాల్చువానిని గూర్చియైనచో, పెద్దల పరిహాసము న్యాయమే.

అమెరికాలో సెప్టెంబరు 17 రాజ్యాంగదినము, పౌరసత్వదినము కూడ. మా ప్రాంతమువా డొకడు ఆనాడు ప్రమాణము చేసి వచ్చెననుకొందము. "నాయనా, ఈ తేదీన మీ యూరిలో ఏమి పండుగ?" అని బిడ్డ యడుగును. విమోచనమని కేంద్రము, ప్రజాపాలనయని 2024లో రాష్ట్రము, పేరే కుదురలేదు. పేరు మాట యటుంచుడు. రజాకార్ల దౌర్జన్యములను చెప్పి ఊరకుండునా, సైన్యము వచ్చిన పిమ్మట ముస్లిములపై జరిగిన హత్యలను, సుందరలాల్ సంఘము నివేదించినవానిని, కూడ చెప్పునా?