ఏరిత్ మరణం - ఎవరి దుఃఖం?

నవలలో పాత్ర చనిపోతే కన్నీళ్ళు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. సాహిత్య పరిశోధకురాలిగా నన్ను ఇబ్బంది పెట్టింది రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లోని ఒక మరణం.

జపాన్‌లో 1997లో విడుదలైన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఏరిత్ పూలమ్మే యువతి. ఆమె పేరు కూడా మనమే మార్చుకోవచ్చు. గంటల తరబడి ఆమెను యుద్ధాల్లో నడిపిస్తాం, ఆయుధాలు సమకూరుస్తాం. ఆమె మన బృందం గాయాలు మాన్పుతుంది. యుద్ధంలో పడిపోయినవాళ్ళను ‘ఫీనిక్స్ డౌన్’తో మళ్ళీ లేపవచ్చు. కానీ ప్రార్థనలో ఉన్న ఏరిత్‌ను సెఫిరోత్ కత్తితో పొడిచాక ఏదీ పనిచేయదు. బృందంలో ఆమె చోటు ఖాళీ.

నవలలో పాత్రను అర్థం చేసుకుంటాం, ఇక్కడ సాకుతాం. చాకిరీలోంచి మమకారం పుడుతుందని ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? అయితే ఈ దుఃఖం ఆమె కోసమా, ఆమె మీద పెట్టిన మన శ్రమ కోసమా? సాకాను కాబట్టి నాది అనే ప్రేమ మన కుటుంబాల్లో ఎరిగినదే. పైగా ఆమె చావు క్లౌడ్ అనే వీరుడి కథకు బరువు పెంచుతుంది. మగవాడి కథ నడవడానికి స్త్రీలను బలిచేసే ఈ అలవాటును కామిక్స్ రచయిత్రి గెయిల్ సిమోన్ 1999లోనే జాబితా వేసి మరీ చూపించారు.

అయినా ఈ దుఃఖాన్ని కొట్టిపారేయలేను. ఏరిత్ చావుకు ముందు బృందాన్ని వదిలి, లోకాన్ని కాపాడే పని మీద ఒంటరిగా వెళ్ళిపోతుంది. ఆ నిర్ణయం రాసింది రచయితలే, నిజమే. కానీ అన్ని యుద్ధాల్లో ఆమెను నడిపిన మనల్ని అక్కడ ఎవరూ అడగరు. మనం సాకిన మనిషికి తనదైన దారి ఉందని ఒప్పుకున్నాక కూడా మిగిలేదే ఆమె కోసం పడే దుఃఖం.