పలక - బలపము

పూర్వము అక్షరాభ్యాసమైన బాలునికి తండ్రి అంగడినుండి ఒక రాతిపలకను కొని తెచ్చెడివాడు. మార్కాపురము అట్టి పలకలకు పేరొందినది. ఆ పలకపై ఏ దుకాణమున కొన్న బలపముతోనైనను వ్రాయవచ్చును. ఊరు మారినను, బడి మారినను పలక బాలుని వెంట పోయెడిది. దానిని అమ్మిన వర్తకునికి దానిపై వ్రాయబడు అక్షరములతో ఎట్టి ప్రమేయమును లేకుండెను.

నేటి బాలుని చేతికి వచ్చినది వేరొక పలక. దానిని టాబ్లెట్ కంప్యూటరు అనియు, వాడుకలో ట్యాబ్ అనియు పిలుచుచున్నారు. ఆపిల్ సంస్థ 2010 జనవరి 27వ తేదీన ఐప్యాడును లోకమునకు చూపెను. ఆ సంవత్సరమే శాంసంగ్ సంస్థ గూగుల్ వారి ఆండ్రాయిడ్ వ్యవస్థతో నడచు గెలాక్సీ ట్యాబును వెలువరించెను. నాటినుండి కొనువాని యెదుట ప్రధానముగా ఈ రెండు త్రోవలు నిలిచియున్నవి. వీటిలో ఏది మేలు అను ప్రశ్న ప్రతి యింటను వినబడుచున్నది. ధర ఎంత, తెర ఎట్టిది, బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చును అను విచారణతోనే అది తరచుగా ముగియుచున్నది. అయితే దాని క్రింద మరియొక ప్రశ్న దాగియున్నది. మానవుడు వస్తువును కొనుచున్నాడా, లేక ఒక యింటిలో చేరుచున్నాడా?

ఈ పలకకు బలపము ఎక్కడనైనను దొరకదు. ఆపిల్ సంస్థ 2015లో తెచ్చిన ‘పెన్సిల్’ ఐప్యాడులపై మాత్రమే పనిచేయును; అందును ఏ పెన్సిల్ ఏ ఐప్యాడుకు తగునో చూచుకొనవలెను. ఐప్యాడు కొరకు వెల యిచ్చి కొన్న యాప్ ఆండ్రాయిడ్ ట్యాబులోనికి రాదు; అచ్చటిది ఇచ్చటికి రాదు. చందాతో నడచు కొన్ని సేవలు రెండు చోట్లను పనిచేయును గాని, అన్నియు నట్లు కావు. కావున ఐదేండ్లు ఒక వ్యవస్థలో గడపినవాడు వేరొక దానికి పోవలెనన్న పలకను మార్చినంత మాత్రమున చాలదు. కొనినవి విడువవలెను, అలవాట్లు మార్చుకొనవలెను. ఇంటిలోనివారందరును పాత వ్యవస్థలోనే యున్నచో వారికి కొంత దూరము కావలసివచ్చును.

ఇరుపక్షముల గుణములను న్యాయముగా చెప్పవలెను. ఐప్యాడును, దానిని నడపు వ్యవస్థను ఒకే సంస్థ చేయుచున్నది. అందుచేత రెండింటికిని పొందిక కుదురును. పాత ఐప్యాడులకు సైతము కొన్ని సంవత్సరములవరకు మెరుగులు అందుచుండును. ఆండ్రాయిడ్ పక్షమున అనేక తయారీదారులు కలరు. పేదవాని చేతికందు వెలకును పలక దొరకును. కాని మెరుగులు అందుట ఆయా తయారీదారుని శ్రద్ధపై ఆధారపడియుండును. అగ్గువకు కొన్న పలక త్వరలోనే నిరాదరణకు గురియగుట కద్దు. ఒకచోట ఒకే యజమాని కట్టుబాటు, వేరొకచోట పలువురి వెసులుబాటు. రెండును దోషరహితములు కావు.

దీనికి తెలుగువారికే ఒక అనుభవము కలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు గుణింతము ఒక ప్రత్యేక రీతిలో కూర్చబడి సందేశముగా వచ్చినచో, ఐఫోనులలోను ఐప్యాడులలోను దానిని చూపబోయిన యాప్ స్తంభించిపోయెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును నిలిపివేసినది! ఒకే చేతిలోని వ్యవస్థ గనుక లోకమందంతటను ఒకేసారి దోషము కనబడెను. ఒకే చేతిలోని వ్యవస్థ గనుకనే ఆ నెల 19వ తేదీన వెలువడిన సవరణ అందరికిని ఒకేసారి అందెను. ఒకే గుణము కీడునకును మేలునకును కారణమైనది.

చేరిన యిల్లు కలకాలము నిలుచునను భరోసా కూడ లేదు. 2011 జులైలో హెచ్.పి. సంస్థ టచ్‌ప్యాడ్ అను పలకను అంగడిలో పెట్టి, ఆగస్టు 18వ తేదీననే దానిని విరమించుచున్నట్లు ప్రకటించెను. సుమారు 500 డాలర్ల వస్తువు 100 డాలర్లకే అమ్ముడుపోయెను. కొన్నవారు చౌకయని సంతసించిరి గాని, వారు చేరినది వెలుతురారిన యిల్లు. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఎలక్ట్రానిక్ పుస్తకశాలను మూసివేయగా, వెల చెల్లించి కొన్న పుస్తకములు పాఠకుల యంత్రములనుండి తొలగిపోయెను. సొమ్మంతయు తిరిగి యిచ్చిరి. పుస్తకములలో తమ వ్యాఖ్యలు వ్రాసికొన్నవారికి అదనముగా 25 డాలర్లు ముట్టజెప్పిరి. అయినను ఒక మనుజుడు చదువుచు ప్రక్కన వ్రాసికొన్న తలపునకు 25 డాలర్లు వెల కాగలదా?

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగును. బంధము లేని జీవితమెక్కడిది? సేద్యగాడు భూమికి, గృహస్థు కుటుంబమునకు, శిష్యుడు గురువునకు కట్టుబడియే యున్నారు. నమ్మిన సంస్థ నీడలో సుఖముగా నుండుటలో దోషమేమి?

ఈ ఆక్షేపణలో సత్యము కలదు. కట్టుబాటంతయు దాస్యము కాదు. తన పనికి తగిన వ్యవస్థను తెలిసి యెన్నుకొని, దానిలో స్థిరపడినవాడు నిందార్హుడు కాడు. కాని విడిచిపోవు స్వాతంత్ర్యముండి నిలిచియుండుట వేరు, విడిచిపోలేక నిలిచియుండుట వేరు. మొదటిది నమ్మకము, రెండవది కేవలము చిక్కువడుట. ప్రవేశద్వారము ఎంత సుందరముగా నున్నదో చూచువారు పెక్కురు. బయటికి త్రోవ యున్నదో లేదో చూచువాడు వివేకి.

ఇతరుల పక్షమున ఎన్నుకొనునపుడు ఈ వివేకము మరింత అవసరము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచెను. వాటిలోని పాఠములు బైజూస్ సంస్థవి. 2024లో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ ఆరంభమయ్యెను. పేదపిల్లల చేతికి పలక యిచ్చుట మంచి పనియే. కాని ఆ యెంపిక పిల్లలు చేసినది కాదు. వారి కొరకు పెద్దలు చేసినది. పాఠము వ్రాసినవాడు కష్టములపాలైనచో పాఠము గతి యేమి అను ప్రశ్నను పెద్దలే ముందుగా అడుగవలెను. ఇంటిలో తండ్రికిని, విద్యాలయము నడపు సంస్థకును, తాళపత్రములను చిత్రములుగా తీయించి భద్రపరచు మఠమునకును ఇదే ధర్మము వర్తించును. తనను తాను కట్టివేసికొనుటకు మనుజునికి అధికారము కలదు. రాబోవు తరమును కట్టివేయుటకు ఆ యధికారము చాలదు.

కావున ఏ పలకను కొన్నను కొన్ని నియమములు పాటింపదగును. మొదట పని ఏదో నిశ్చయించి, పిదప పనిముట్టును వెదకవలెను. మెరుగులు ఎన్ని యేండ్లు అందునో కొనుటకు పూర్వమే విచారింపవలెను. తన వ్రాతలను, చిత్రములను ఎల్ల యంత్రములును చదువగల రీతిలో దాచి, వాటి ప్రతిని వేరొకచోట కూడ నుంచవలెను. తెలుగు ముద్రాపకులు ఈ పాఠమును నష్టపడి నేర్చిరి. ప్రత్యేకమైన ఫాంట్లతో కూర్చిన గ్రంథములు, ఆ ఫాంట్లు లేనిచోట అర్థము లేని గుర్తులుగా కనబడెను. యూనికోడ్ పద్ధతిలో వ్రాసిన తెలుగు ఐప్యాడులోను, ఆండ్రాయిడులోను తెలుగుగానే నిలుచును. యంత్రము స్థావరమై ఒకనాడు శిథిలమగును. వ్రాత జంగమమై సాగిపోవలెను.

తుదకు ఒక మాట. తాను కొన్న పలకను బట్టి పొరుగువానిని తక్కువగా చూచువారు నేడు కలరు. ఇరువురును కొనినది గాజుతెరయే. ఒకని విలువ వాని చేతిలోని పలకతో పెరుగదు, తరుగదు. దానిపై వాడేమి వ్రాసెనో, అందు తన తరువాతివారికి ఏమి మిగిల్చెనో అదియే వాని విలువ. నాటి రాతిపలక పగిలినను బాలుడు నేర్చిన అక్షరము పగులలేదు. నేటి పలక విషయమునను అట్లే జరుగునట్లు చూచుకొనుట పెద్దల బాధ్యత.