వానలో తప్పిపోతే వెతుక్కుంటూ ఎవరొస్తారు?

కుచేలుడి కథ అనగానే మనకి అటుకులే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ కథలో ఇంకో చోట మనసు ఆగిపోతుంది.

ఎన్నో ఏళ్ల తర్వాత చిన్ననాటి స్నేహితుడు ద్వారకకి వచ్చాడు. కృష్ణుడు పక్కన కూర్చోబెట్టుకుని సాందీపని గురుకులం రోజులు తలుచుకున్నాడు. 64 రోజుల్లో 64 కళలు నేర్చినవాడు కదా, మరి అంత వివరంగా ఏం గుర్తుచేశాడు? గురుపత్ని కట్టెలు తెమ్మంటే ఇద్దరూ అడవికి వెళ్లడం, అకాల వర్షం, దారి తెలియని చీకటి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తిరగడం, తెల్లారాక గురువుగారే వెతుక్కుంటూ రావడం. సిలబస్‌లో లేని రాత్రి అది!

ఇప్పుడిదంతా ఎందుకంటే, మా అక్క వాళ్లింట్లో నెలరోజులుగా ఒకటే చర్చ. ఆరో తరగతి చదువుతున్న వాళ్ల బాబుకి రోజూ రెండున్నర గంటలు బస్సులోనే పోతోంది. దానికి తోడు బస్సులో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారు. బావగారేమో ఆన్‌లైన్ స్కూల్లో చేర్పిద్దాం అంటారు. నాన్నగారేమో "బడికి పంపకుండా పిల్లాణ్ని పెంచుతారా?" అని కోప్పడతారు. ఇద్దరి మధ్యా నలిగిపోయి అక్క నన్నడిగింది, "ఇందులో ధర్మం ఏంటో నువ్వు చెప్పు" అని.

పాతదంతా ధర్మం, కొత్తదంతా అధర్మం అనేస్తే పని తేలిక. కానీ ఏకలవ్యుడు ద్రోణుడి మట్టిబొమ్మ ముందే విలువిద్య నేర్చాడు. అంటే దూరంగా ఉన్నా విద్య వస్తుంది. అయితే గురువు బొటనవేలు అడిగిన రోజున "వద్దురా" అనడానికి అతని పక్కన తోటి విద్యార్థి ఒక్కడూ లేడు. నన్ను ఆలోచనలో పడేసేది అదే.

మన ఉపనిషత్తులు శిష్యుణ్ని "అంతేవాసి" అంటాయి. దగ్గర ఉండేవాడు అని అర్థం. అలాగని ఒకే గదిలో కూర్చుంటే దగ్గరున్నట్టేనా? నలభైమంది మధ్య కూర్చున్నా, వారంరోజులు మౌనంగా ఉంటే ఎవరూ గమనించని పిల్లలున్నారు. స్క్రీన్‌లోంచే "ఇవాళ అలా ఉన్నావేంటి నాన్నా?" అని అడిగే టీచర్లూ ఉన్నారు. కాబట్టి నా దృష్టిలో అసలు ప్రశ్న ఆన్‌లైనా, ఆఫ్‌లైనా అన్నది కాదు. పిల్లాడు తప్పిపోతే చెయ్యి పట్టుకునేది ఎవరు, వెతుక్కుంటూ వచ్చేది ఎవరు?

అక్కకి ఇదే చెప్పాను. ముందు బాధ ఎక్కడుందో చూడండి. దూరమే సమస్యైతే ఇంటికి దగ్గర్లో ఇంకో స్కూల్ చూడొచ్చు. ఏడిపించడమే సమస్యైతే ముందు పెద్దవాళ్లు వెళ్లి స్కూల్‌తో గట్టిగా మాట్లాడాలి. మనం అడగకుండానే వాణ్ని ఇంట్లో కూర్చోబెడితే, తప్పు చేసినవాళ్లు బస్సులోనే ఉంటారు, మనవాడు ఒంటరివాడవుతాడు. ఆరోగ్యమో, ఆటల శిక్షణో, తరచూ ఊళ్లు మారడమో కారణమైతే ఆన్‌లైన్ మంచి దారే కావచ్చు. 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాసే వీలూ ఉంది. కానీ అప్పుడు సాందీపని ఇంట్లో జరిగిన పని మన ఇంటి మీద పడుతుంది. పగలు ఇంట్లో ఒక పెద్దదిక్కు ఉండాలి. సాయంత్రం గ్రౌండో, సంగీతం క్లాసో, ఎక్కడో ఒకచోట తోటి పిల్లలతో కలిసి ఆడాలి, పోట్లాడాలి, మళ్లీ కలిసిపోవాలి. ఫీజు కట్టి లాప్‌టాప్ ఇస్తే మన బాధ్యత తీరిపోదు.

ఇంకోమాట. గీత అంతా చెప్పాక కూడా కృష్ణుడు, బాగా ఆలోచించి నీకు తోచినట్టు చెయ్యి అని అర్జునుడికే వదిలేశాడు. పదకొండేళ్ల పిల్లాడికి మొత్తం నిర్ణయం వదలలేం, నిజమే. కానీ నెలరోజుల చర్చలో వాణ్ని ఎవరూ ఒక్కమాట అడగలేదు!

మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని అడగండి: "స్కూల్లో నీకేదైనా కష్టమొస్తే ముందు ఎవరికి చెప్తావు?" ఒక పేరు వెంటనే వస్తే, స్కూల్ మార్చేముందు ఇంకోసారి ఆలోచించండి. ఏ పేరూ రాకపోతే, ఎక్కడ చదివించాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ పేరు మీదయ్యేలా చూసుకోండి.

జై శ్రీకృష్ణ.