మీటలేని చాకు, మనసులోని హింస

ఆయుధమును ప్రేమతో దాచుకొని ఎవ్వరిని నొప్పింపనివాడు అహింసాపరుడగునా, లేక ఆ ప్రేమయే హింసకు తొలిమెట్టగునా యను ప్రశ్న మన పురాణములంత ప్రాచీనమైనది. కలకత్తాలోని వాట్‌గంజ్ వీథులలో నడచువానికి ఇది గ్రంథములకు పరిమితమైన ప్రశ్నగా తోచదు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఖిదిర్‌పూరునందు ఓడల నిర్మాణశాలను నెలకొల్పిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేర వెలసిన ఈ పేట, 1892లో ఖిదిర్‌పూరు రేవు తెరవబడిన తరువాత నానాదేశ నావికుల సంచారమునకు నెలవైనది. నావికుని జేబులో త్రాళ్లు కోయుటకు మడతచాకు ఉండుట యెంత సహజమో, రేవుపట్టణమున ఆ చాకు చేతులు మారుటయు అంత సహజము.

పాత చాకులను సేకరించువారు మిక్కిలి మక్కువతో వెదకు రకమొకటి గలదు. ఇటలీలోని మానియాగో పట్టణము 15వ శతాబ్దము నుండి కత్తుల పనికి ప్రసిద్ధము. మీట నొక్కినంతనే లోపలి స్ప్రింగు త్రోయగా సన్నని అలుగు వెలికి దూకు స్టిలెట్టో చాకులు అచ్చటి పనితనమునకు గుర్తులు. అమెరికా 1958లో ఇట్టి స్విచ్‌బ్లేడుల అంతర్రాష్ట్ర వాణిజ్యమును నిషేధించెను గాని, ఆ రూపమునే ధరించి, స్ప్రింగు లేక, వ్రేళ్లతో విప్పవలసిన చాకులు ఆ చట్టమునకు చిక్కలేదు. అట్టిదాని నొకదానిని చేత బట్టి చూచితిని. నల్లని కొమ్ముపిడి, రెండు కొసల ఇత్తడి పొన్నులు, మీట యుండవలసిన చోట నునుపైన కొమ్ము మాత్రమే. అలుగున గోటికై తీసిన గాడిని పట్టి లాగగా అది మొదట బింకముగా నుండి, సగము దాటిన పిదప సులువై, తుదకు వెన్నుబద్ద గంటులో పడి గట్టిగా బిగిసెను. ఆ బిగింపు సద్దు వినినప్పుడు, శత్రువెవ్వడును లేకున్నను, మనస్సున చిత్రమైన బలగర్వ మొకటి తల యెత్తును. విచారింపవలసినది ఆ గర్వమునే.

మన దేశపు 1962 నాటి ఆయుధ నిబంధనలు 9 అంగుళముల పొడవునో 2 అంగుళముల వెడల్పునో మించిన అలుగును, గృహకృత్యములకో వ్యవసాయమునకో ఉద్దేశించినది కానిచో, ఆయుధముగా గణించినవి. చట్టము అంగుళములను గొలుచును. ధర్మము భావమును గొలుచును.

అరణ్యకాండము తొమ్మిదవ సర్గమున సీతాదేవి శ్రీరామునకు చెప్పిన కథ ఈ కొలతకు ప్రమాణము. తపోవనమున శుచియై యున్న యొక మునికడ ఇంద్రుడు యోధుని వేషమున వచ్చి ఖడ్గము నొకదానిని న్యాసముగా నుంచి పోయెను. ఆ ముని, అప్పగించిన సొమ్ము పోగొట్టుకొనరాదను నిష్ఠతో, కందమూలములకు బోవునప్పుడు సైతము దానిని విడువక వెంట గొనిపోవుచు, క్రమక్రమముగా రౌద్రబుద్ధియై, తపస్సును విడిచి, నరకమున బడెను. అతడు ఆయుధమును కోరి తెచ్చుకొనలేదు. అతని నిష్ఠయు దోషము గాదు. ఎడతెగని సాహచర్యమే వానిని మార్చినది.

జైనాచార్యులు ఈ విషయమును మరింత సూక్ష్మముగా శోధించిరి. వేములవాడ చాళుక్యుల యేలుబడిలో సోమదేవసూరి 959లో గంగాధరమున పూర్తిచేసిన యశస్తిలక చంపువునందు, యశోధరుడను రాజు తల్లి నిర్బంధముచే పిండితో చేసిన కోడిని దేవతకు బలి యిచ్చును. ప్రాణము పోయినది లేదు, రక్తము చిందినది లేదు. అయినను ఆ తల్లీకొడుకులు పలు జంతుజన్మల నెత్తవలసి వచ్చినది. హింస యొక్క రూపమునకు మనస్సు సంకల్పమును జోడించినచో, రూపమే చాలునని ఆ కథ తాత్పర్యము. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున, హింసాసాధనములను పరులకిచ్చుటను నిష్ప్రయోజన పాపములలో నొకటిగా జేర్చిరి. కావున సేకరించువాడు కొనునప్పటి కంటె ఇచ్చునప్పుడు ఎక్కువ జాగరూకుడై యుండవలెను.

ఇంతమాత్రమున ఇనుమును ద్వేషింప బనిలేదు. వాట్‌గంజ్‌కు అనతిదూరమున ఆదిగంగ యొడ్డున వెలసిన కాళీఘట్టపు దేవి ఖడ్గధారిణియే. ఆ ఖడ్గము అహంకారమును ఛేదించు జ్ఞానమని ఉపాసకులు భావింతురు. భాద్రమాసాంతమున వంగదేశమంతటను శ్రామికులు విశ్వకర్మపూజ జేసి తమ పనిముట్లకు మ్రొక్కుదురు. మనము మహానవమినాడు చేయు ఆయుధపూజయు ఇట్టిదే. పూజలో పెట్టిన పనిముట్టు మన బలమునకు గాక, మనకు అన్నము పెట్టు పనికి చిహ్నమగును.

ఈ దృష్టితో చూచినచో మీటలేని చాకులో నొక సుగుణము గోచరించును. భగవద్గీత రెండవ అధ్యాయమున విషయచింతన మొదలు సంగము, కామము, క్రోధము, సమ్మోహము మీదుగా బుద్ధినాశము వరకు సోపానక్రమము చెప్పబడినది; మెట్టుమెట్టునను మనుష్యుడు ఆగవచ్చును. స్ప్రింగు సంకల్పమునకును క్రియకును నడుమనున్న ఆ వ్యవధిని హరించును. గోటితో పట్టి లాగవలసిన అలుగు దానిని తిరిగి యిచ్చును. లాగు చేయి మధ్యలో ఆగగలదు, ఆగిన చేతికి వివేకము అందగలదు. ధర్మాచరణమునకు కావలసిన చోటు ఆ కొద్దిపాటి యెడమే.

కావున నా నిర్ణయమిది. పనివాని నేర్పును మెచ్చి పాత చాకును దాచుకొనుట పాపము గాదు; దానిని నిత్యము మొలను ధరించి తిరుగుట, నలుగురిలో విప్పి చూపి సంతసించుట, కోపిష్ఠులకును పసివారికిని చేతికిచ్చుట దోషము. సేకరించు సోదరులారా, మీ చాకులను పెట్టెలో నుంచుడు, ఏటేట పూజలో పనిముట్ల సరసన నిలుపుడు, అవి చెంతలేని దినమున మీ మనస్సు నెమ్మదిగా నున్నదో లేదో పరీక్షించుకొనుడు. నెమ్మది లేకున్నచో, ఆ చాకుల నప్పుడే విడిచిపెట్టుడు.