ఒక కిలోమీటరు ఎంత దూరం?

ప్రభుత్వ లెక్కలో కిలోమీటరంటే కిలోమీటరే. కొత్తపేట లాంటి చోట కాదు. గట్టు మీద తిన్నగా నడిచిపోయేవాళ్ళకి ఒక కిలోమీటరు. కాలవకి వంతెన ఎక్కడుందో చూసుకుని చుట్టూ తిరిగిపోయేవాళ్ళకి ఇంకో కిలోమీటరు. ముసురు పట్టిన రోజున, లారీలు తిరిగే రోడ్డు వారన నడిచే ఎనిమిదేళ్ళ పిల్లకి అది మరో కిలోమీటరు.

2022 జూన్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 117 ప్రకారం, ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులు కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళలో కలవాలి. ఒకటి, రెండు తరగతులు పాతచోటే ఉంటాయి. బడులు తెరవగానే చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఆలోచన మాత్రం రద్దు కాలేదు. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళ పేరుతో పక్క బడుల పిల్లల్ని మళ్ళీ ఒకచోటికి చేర్చారు.

విలీనం చేసేవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ఒకే టీచరు ఐదు తరగతులకీ చెప్పే బడిలో, ఈ మూల ఎక్కాలు నడుస్తుంటే ఆ మూల పిల్లలు ఊరికే కూర్చుంటారు. టీచరు సెలవు పెడితే బడికే సెలవు. ఇంటి పక్కన ఉంది కదా అని దాన్నే బడి అనుకోమనడం పిల్లలకి న్యాయం కాదు.

కోనసీమలో ఇంకో మాట కూడా ఉంది. ఊరి బడి వేరు, పేట బడి వేరు అన్నట్టున్న చోట్లు మనకి తెలియనివి కావు. 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. సరిగ్గా పదిహేడు రోజులకి ఈ జీవో వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు. కానీ ఆ మంటలు చూశాక, రెండు పేటల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చోవడం చిన్న విషయమని ఎలా అంటాం? అందుకే చిన్న బడి పోతోందన్న బెంగ ఒక్కటే నాకు సరిపోదు.

అయితే కలవడానికి నడుస్తున్నది ఎవరు? పేట పిల్లలు ఊళ్ళోకి నడుస్తారు గానీ, ఊరి పిల్లలు పేట బడికి నడిచిన విలీనం ఎక్కడైనా చూశామా? ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలు అప్పటికే ప్రైవేటు బడి బస్సెక్కేశారు. ఇక కలిసేది పేదలతో పేదలే. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కోరిన ఉమ్మడి బడిలో, ఆ చుట్టుపక్కల పిల్లలంతా, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒకేచోట చదవాలి. మనం అందులోంచి కలపడాన్ని తీసుకుని, అందరూ అన్నమాట వదిలేశాం.

నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. పదిమందికి మేలు జరుగుతుందని ఒకరికి నష్టం చెయ్యొచ్చా అన్నది పాత ప్రశ్న. చెయ్యొచ్చనే అనుకుందాం. అప్పుడు కనీసం రెండు పనులు జరగాలి: నష్టపోయేవాళ్ళని ముందు అడగాలి, ఆ నష్టాన్ని ఎక్కడో ఒకచోట రాయాలి. పిల్ల నడక ఏ పద్దులోనూ లేదు. ఆ పిల్లని దింపడానికి తల్లి పోగొట్టుకునే సగం పూట కూలి కూడా లేదు. విలీనం చౌకగా కనబడుతున్నది అందుకే.

మరి నడవాల్సింది టీచరా, పిల్లా? సబ్జెక్టు టీచర్నే వారానికి రెండు రోజులు చిన్న బడికి పంపితే రానూపోనూ ఖర్చులివ్వాలి, అదనపు పోస్టులు వెయ్యాలి. ఖర్చవుతుంది, నిజమే. కానీ అది లెక్కకి తేలే ఖర్చు. శాసనసభలో దాని గురించి అడగొచ్చు, తగాదా పడొచ్చు.

అదీ కుదరదంటే, కలపండి. ముందు వంతెన కట్టండి, బండి పెట్టండి, పేటలో కూర్చుని అక్కడి తల్లుల్ని అడగండి. జీవో ఆ తర్వాత. ఇప్పటిదాకా ఈ వరస తిరగబడే నడుస్తోంది.