అడివి యాడికి బోతది?

నల్లమలలో గిరిజన సహకార సంస్థ డిపోలో పదకొండేళ్లు కాటా పట్టాను. చెంచులు తెచ్చే తేనె, జిగురు, చిల్లగింజలు తూచి డబ్బివ్వడం, వాళ్లకు బియ్యం, ఉప్పు, నూనె అమ్మడం నా పని. మా చుట్టుపక్కల పెంటలు, అంటే చెంచు గూడేలు, పది గుడిసెలవి కొన్ని, ముప్పైవి కొన్ని. ఒక పెంట నుంచి ఇంకో పెంటకు పొద్దంతా అడవిలో నడవాలి.

ఒక వేసవిలో అప్పాపూర్ వైపు నుంచి ఒక పెద్దాయన తేనె డబ్బా తెచ్చాడు. డబ్బులు చేతిలో పెట్టగానే సగం లెక్కపెట్టి పక్కనున్న బామ్మర్దికిచ్చేశాడు. కొండచరియ మీంచి ఈయన దిగుతుంటే పైన తాడు పట్టేది ఆ బామ్మర్దే. తోబుట్టువు తాళి తెగనివ్వడు కనుక తాడు ఎప్పుడూ అతనికే అప్పగిస్తారు. మిగిలిన దాంతో బియ్యం, నూనె, కారం, పొగాకు కొన్నాడు. చేతిలో రూపాయి మిగల్లేదు.

“వానాకాలానికి కొంచెం దాచుకోరాదూ?” అన్నాను.

“అడివి యాడికి బోతది సారూ?” అని మూట భుజానికెత్తుకున్నాడు.

నాకు కోపమొచ్చింది. ఇంత సోమరితనమేమిటనుకున్నాను. ఆ రాత్రి అలవాటుగా భాగవతం తెరిస్తే సప్తమ స్కంధంలో అజగర వ్రతం వచ్చింది. కావేరి ఒడ్డున నేల మీద పడుకున్న మునిని ప్రహ్లాదుడు చూస్తాడు. నాకు తేనెటీగ, కొండచిలువ గురువులంటాడు ఆ ముని. ఈగ కష్టపడి కూడబెడుతుంది, ఎవరో వచ్చి దాన్ని చంపి పట్టుకుపోతారు. అది చూసి కూడబెట్టడం మానానంటాడు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా చేతులు జోడించేవాణ్ని. ఆ రాత్రి జోడించలేకపోయాను. మునిలో వైరాగ్యమైన గుణం చెంచులో సోమరితనం ఎలా అయింది? పతంజలి కూడబెట్టుకోకపోవడాన్నే అపరిగ్రహమని యమాల్లో చేర్చాడే, అది కాషాయం కట్టినవాడికేనా?

మర్నెల వాళ్ల వెంట నేనూ అడవికి పోయాను. తాడు మీద దిగినాయన పొగ పెట్టి ఈగల్ని లేపాడు, పట్టు కోశాడు, కొంత ముక్క రాతికే వదిలేశాడు. దారిలో ఆడవాళ్లు గడ్డలు తవ్వి, తీగ మొదలు మళ్లీ గుంతలోనే పెట్టి మన్ను కప్పారు. ఒకామె ఆ మన్నును అరికాలితో రెండుసార్లు గట్టిగా తొక్కి, వెనక్కి తిరిగి చూసి మరీ కదిలింది. రేపటి ఆలోచన లేని మనిషి అలా చూస్తుందా? వాళ్లు రేపటిని ఇంట్లో దాచరు, అడవిలో దాస్తారు. వేటలో ఏది దొరికినా వాళ్ల అడవి దేవత గారెలమైసమ్మకు ముందు ముక్క పెట్టడం కూడా ఆ లెక్కలోదే. ఇచ్చేది ఆమె, మనం యజమానులం కాదని.

అయితే ఇక్కడితో ఆగిపోయి చెంచుల సంతృప్తిని పొగిడేవాళ్ల ప్రవచనాలు నాకు సమ్మతం కావు. 1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. అడవి ఎక్కడికీ పోలేదు, వాళ్ల చెయ్యే దానికి దూరమైంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా కాగితం గుడిసె దాకా చేరడం అంత తేలిక కాలేదు. వానల్లో వాగు పొంగిన రోజు జ్వరంతో కాలిపోతున్న పిల్లను నలుగురు డోలీ కట్టి మోసుకురావడం నేను చూశాను. తల్లి వెనక పరిగెత్తుతోంది, కొంగున నయాపైసా లేదు. ఆ లేమిని అపరిగ్రహమంటే పాపం తగులుతుంది. ముని వద్దనుకుని వదిలాడు. వదులుకుంటావా అని ఆ తల్లిని ఎవరూ అడగలేదు. అడవిలో దాచుకున్న రేపటి మీద హక్కు చేతిలో ఉంటేనే అది వ్రతం. హక్కు తీసేశాక మిగిలేది ఆకలే.

శ్రీశైలం మల్లన్న వీళ్లకు చెంచు మల్లయ్య, అల్లుడు. అహోబిలం నరసింహుడూ చెంచితను పెళ్లాడినవాడే. దర్శనానికొచ్చే మనం వాళ్ల వాకిట్లోంచి నడిచి అల్లుడికి దండం పెట్టి వస్తున్నాం, అత్తమామల ముఖం చూడకుండా.

చైత్ర పౌర్ణమికి ఈ అడవి లోయలోని సలేశ్వరం లింగమయ్య దగ్గరికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. నీళ్ల సీసాలు లోయలో పారేయకండి, మోసుకొచ్చేయండి. దారి పక్కన చెంచులు తేనె అమ్ముతుంటే బేరమాడకండి. ఆ సీసా వెనక ఒక మనిషి తాడు మీద వేలాడాడు, ఇంకో మనిషి ఆ తాడు పట్టుకున్నాడు.