ఐదవ తంతి



బర్గూరులో పాటల బృందపు యౌవనస్థుడొకడు సంఘపు బాస్ గిటారు తెచ్చి, "అయ్యా, రంధ్రం వేసి దీనికి ఐదవ తంతి బిగిద్దామా?" అని అడిగాడు. అది చవక రకము. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బాస్ వలెనే నాలుగు తంతులది.

ఆ నాలుగూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. ఐదవది మరో 15 కిలోలు చేర్చును. లోపలి ఇనుప కడ్డీ కొంతవరకే ఓర్చును. మెడ వంగితే నష్టం అతనిది కాదు, కానుకలిచ్చిన కూలివారిది.

మరి ఆశ తప్పా? కాదు. ఇ, ఎ, డి, జి తంతులు తీసి, లావైనవి వేసి బి, ఇ, ఎ, డి శ్రుతి చేయవచ్చు. గాడులు ఆకురాయితో కాస్త వెడల్పు చేస్తే చాలు. మంద్రస్వరం దొరుకును, అయితే జి తంతిని వదులుకోవాలి.

ఏదీ వదలకుండా అన్నీ చేర్చుకోవాలనుటే మన చిక్కు. ఇంటిలో, సంఘములో ఓపికగల ఒక్కరి మీదనే పని మీద పని వేస్తాము. వారు వంగిపోతే నిందిస్తాము. క్రొత్త భారం మోపేముందు పాతది ఒకటి దించామా? ఆలోచించుదము.